39 శాతం అంటే ఎన్ని సీట్లు?

ఒక చిన్న లెక్క. క్యాలిక్యులేటర్ తీయక్కర్లేదు, నోటితోనే చెప్పొచ్చు. వంద మందిలో 39 మంది ఒక పార్టీకి ఓటేశారు. అసెంబ్లీలో సీట్లు 175. ఆ పార్టీకి ఎన్ని రావాలి?

ఎవరిని అడిగినా "అరవై ఎనిమిదో, డెబ్బయ్యో రావాలి కదండీ" అంటారు. రాలేదు. 2019లో తెలుగుదేశానికి 39.17 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 23. 2024లో వైఎస్సార్ కాంగ్రెస్‌కి 39.37 శాతం ఓట్లు వచ్చాయి, సీట్లు 11. పార్టీలు తారుమారయ్యాయి, ఓట్లు మాత్రం అదే ముప్పై తొమ్మిది. ఇంకా విచిత్రం చూడండి, ఓట్ల శాతం కాస్త ఎక్కువ వచ్చినవాళ్ళకి సీట్లు సగానికి సగం తగ్గాయి.

మీది ఏ పార్టీ అయినా సరే, ఒక్క నిమిషం దాన్ని పక్కన పెట్టండి. ఈ రెండు ఎన్నికల్లో ఏదో ఒకదానిలో మీరు సంబరాలు చేసుకునే ఉంటారు, ఇంకోదానిలో ఫోన్ స్విచాఫ్ చేసి పడుకునే ఉంటారు. ఈ వారం మాట ఆ రెండు రోజుల గురించీ కాదు. ఆ రెండు రోజుల వెనకున్న లెక్క గురించి.

మన ఏడు నియోజకవర్గాలు

రాష్ట్రం దాకా ఎందుకు, మన డెల్టా చివరే చూద్దాం. మచిలీపట్నం పార్లమెంటు కింద ఏడు అసెంబ్లీ సీట్లు. గన్నవరం, గుడివాడ, పెడన, బందరు, దివిసీమంతా ఉన్న అవనిగడ్డ, పామర్రు, పెనమలూరు. 2019లో ఆరు చోట్ల వైసీపీ గెలిచింది. ఒక్క గన్నవరం తెలుగుదేశానికి దక్కింది, అదీ వెయ్యి లోపు మెజారిటీతో. 2024లో ఏడుకి ఏడూ కూటమివే. పామర్రు, పెడన, పెనమలూరు, గన్నవరం, గుడివాడ, బందరు తెలుగుదేశానివి. అవనిగడ్డ జనసేనది.

ఐదేళ్ళలో కృష్ణా జిల్లా జనం మూకుమ్మడిగా మనసు మార్చేసుకున్నారా? లేదు. రాష్ట్రం మొత్తం మీద చూస్తే వైసీపీ ఓటు 49.95 శాతం నుంచి 39.37కి దిగింది. అంటే వందమందిలో పదిమందిన్నర తగ్గారు. సీట్లు మాత్రం 151 నుంచి 11కి పడ్డాయి. పదిమంది కదిలితే 140 కుర్చీలు కదిలాయి.

మీ వీధిలో ఇప్పటికీ ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు అటువైపే ఉన్నారు. 2019 తర్వాత కూడా ప్రతి పదిమందిలో దాదాపు నలుగురు ఇటువైపే ఉన్నారు. వాళ్ళెక్కడికీ పోలేదు. అసెంబ్లీలోనే కనపడలేదు.

క్రికెట్ భాషలో

మన పద్ధతి ఏంటంటే, ఒక్కో నియోజకవర్గం ఒక్కో మ్యాచ్. అందరికంటే ఒక్క ఓటు ఎక్కువ తెచ్చుకున్నవాళ్ళు నెగ్గుతారు. సగం ఓట్లు రావాలన్న రూలు లేదు. ఐదు మ్యాచుల సిరీస్‌లో ఒక జట్టు ప్రతిసారీ రెండేసి పరుగుల తేడాతో ఓడిపోయిందనుకోండి. మొత్తం పరుగులు కూడితే రెండు జట్లకీ పది పరుగులే తేడా. స్కోరు బోర్డు మీద మాత్రం 5-0. మన అసెంబ్లీ ఆ 5-0 బోర్డు. జనం వేసిన ఓట్లు ఆ పరుగులు.

ఇందులో మోసమేమీ లేదు. రూలు ముందే అందరికీ తెలుసు. కానీ ఈ రూలు ఎవరికి కలిసొస్తుందో ముందే చెప్పొచ్చు. ఓట్లు ఒకచోట గుట్టగా ఉన్న పార్టీకి మంచిది. అన్ని చోట్లా సమానంగా పరచుకున్న రెండో పార్టీకి చెడ్డది. అన్ని చోట్లా పలచగా ఉన్న మూడో పార్టీకి మరీ చెడ్డది.

1984 లోక్‌సభ ఎన్నికలు చూడండి. దేశం మొత్తం మీద బీజేపీకి 7 శాతం పైచిలుకు ఓట్లొచ్చాయి, గెలిచింది రెండు సీట్లు. అందులో ఒకటి మన హనుమకొండ, ఓడింది పీవీ నరసింహారావు. అదే ఎన్నికల్లో తెలుగుదేశానికి 4 శాతం పైచిలుకు ఓట్లే వచ్చినా 30 మంది ఎంపీలు గెలిచారు. లోక్‌సభలో పెద్ద ప్రతిపక్షం అయింది. ఎందుకంటే ఆ ఓట్లన్నీ ఒక్క రాష్ట్రంలోనే ఉన్నాయి.

ఇంకా వెనక్కి వెళ్తే 1955. కొత్తగా ఏర్పడ్డ ఆంధ్ర రాష్ట్రంలో ఎన్నికలు. కృష్ణా జిల్లా అప్పట్లో కమ్యూనిస్టుల కంచుకోట. 1952లో ఆంధ్ర ప్రాంతంలోని 140 సీట్లలో 41 గెలిచిన పార్టీ అది. 1955లో వాళ్ళ ఓట్ల శాతం పెరిగి 31 దాటింది. సీట్లు? 196లో 15. అవతల మూడు పార్టీలు ఒక్క ఫ్రంట్‌గా కలిసి నిలబడ్డాయి, అంతే తేడా. ఆ పదిహేను మందిలో గన్నవరం నుంచి గెలిచిన పుచ్చలపల్లి సుందరయ్య ఒకరు. పొత్తు లెక్క మన డెల్టాకి నిన్నగాక మొన్న వచ్చింది కాదన్నమాట.

"ఓటు వేస్ట్ చేసుకోకు"

ఈ పద్ధతి మీద జనాభిప్రాయం ఏంటి అని అడిగితే పెద్ద సర్వేలు అక్కర్లేదు. ఎన్నికల ముందు ఇంట్లో వినపడే ఒక్క మాట చాలు. "ఎలాగూ గెలవని వాడికి వేసి ఓటు వేస్ట్ చేసుకోకురా."

మొదటిసారి ఓటేస్తున్న కుర్రాడికో, అమ్మాయికో మన ప్రజాస్వామ్యం నేర్పే మొదటి పాఠం ఇదే. నచ్చినవాళ్ళకి కాదు, నచ్చనివాళ్ళని ఓడించగలిగే వాళ్ళకి వెయ్యి. తప్పు చెప్పారని కూడా అనలేం. ఇప్పుడున్న రూలుకి అదే తెలివైన సలహా.

2019లో ఈ ప్రాంతంలో మూడు ముక్కలాట జరిగింది. బందరులో గెలిచిన మెజారిటీ ఆరు వేల లోపు. మూడో స్థానంలో ఉన్న జనసేన అభ్యర్థికి దానికి రెట్టింపు కంటే ఎక్కువ ఓట్లొచ్చాయి. పెడనలోనూ మెజారిటీ కంటే మూడో అభ్యర్థి ఓట్లే ఎక్కువ. అవనిగడ్డలోనూ అంతే, అక్కడ గెలిచినాయనకి పోలైన ఓట్లలో సగం రాలేదు. రాష్ట్రం మొత్తం మీద జనసేనకి 5.53 శాతం ఓట్లు, ఒక్క సీటు. 2024లో 6.85 శాతం ఓట్లు, పోటీ చేసిన 21కి 21 సీట్లు. ఓటు ఒకటిన్నర శాతం కూడా పెరగలేదు, సీట్లు ఇరవై ఒక్క రెట్లయ్యాయి. మధ్యలో జరిగింది పొత్తు.

దీన్నిబట్టి ఏమర్థమవుతుంది? మన ఎన్నికల్లో అసలు పోటీ చాలావరకు ఓటు పడకముందే, పొత్తుల బల్ల దగ్గరే అయిపోతోంది. ఎవరికెన్ని సీట్లు అన్నది నాయకులు కూర్చుని తేల్చుకుంటున్నారు. ఓటరు దానికి స్టాంపు వేస్తున్నాడు.

ఎమ్మెల్యేలకి ఒక పద్ధతి, మనకి ఒక పద్ధతి

ఇక్కడ చాలామందికి తెలియని సంగతి. దామాషా ప్రాతినిధ్యం, అంటే వచ్చిన ఓట్లకి తగ్గ సీట్లు ఇచ్చే పద్ధతి, విదేశీ సరుకేం కాదు. మన రాజ్యాంగంలోనే ఉంది. రాజ్యసభ సభ్యుల్ని ఎమ్మెల్యేలు ఎన్నుకునేది ఆ పద్ధతిలోనే. శాసన మండలికి ఎమ్మెల్యేల కోటాలో ఎమ్మెల్సీలని ఎన్నుకునేదీ ఆ పద్ధతిలోనే. ఓటరు పేర్ల ఎదురుగా 1, 2, 3 అని వరస రాస్తాడు.

2023 మార్చిలో ఎమ్మెల్యేల కోటాలో ఏడు ఎమ్మెల్సీ సీట్లకి ఓటింగ్ జరిగింది. ఓటర్లు 175 మంది ఎమ్మెల్యేలు. ఏడు సీట్లకి ఎనిమిదో వంతు ప్లస్ ఒకటి లెక్కన గెలవడానికి 22 ఓట్లు చాలు. అప్పుడు అధికార పార్టీకి 151 మంది బలం. మన మామూలు పద్ధతి అయితే ఏడుకి ఏడూ వాళ్ళవే. కానీ తెలుగుదేశం అభ్యర్థి పంచుమర్తి అనూరాధ 23 ఓట్లతో గెలిచారు. క్రాస్ ఓటింగ్ గొడవ జరిగిన మాట నిజమే. అది వేరే కథ. ఎనిమిదో వంతు మద్దతు ఉన్నవాళ్ళకి ఒక కుర్చీ దొరికే తలుపు ఆ పద్ధతిలో ఉంది, మనం చూడాల్సింది అది.

చట్టసభల వాళ్ళు తమలో తాము ఎన్నుకునేటప్పుడు చిన్న పక్షానికీ చోటు మిగిల్చే పద్ధతి వాడుకుంటున్నారు. జనం దగ్గరికి వచ్చేసరికి మొత్తం ఊడ్చుకుపోయే పద్ధతి.

జనానికి 1, 2, 3 రాయడం రాదంటారా? బందరు, గుడివాడ, అవనిగడ్డలోని డిగ్రీ పూర్తయిన కుర్రకారు 2025 ఫిబ్రవరి 27న అదే పని చేశారు. ఉమ్మడి కృష్ణా, గుంటూరు జిల్లాల పట్టభద్రుల ఎమ్మెల్సీ ఎన్నిక అది. ఈవీఎం లేదు, పేపరు బ్యాలెట్, వయొలెట్ స్కెచ్ పెన్ను. ఒక్కటే సీటు కాబట్టి దాన్ని పూర్తి దామాషా అనలేం. కానీ అక్కడ సగానికి పైగా మద్దతు చూపించాలి. మొదటి ప్రాధాన్యంతో తేలకపోతే తక్కువ ఓట్లొచ్చిన వాళ్ళని ఒక్కొక్కరినీ తప్పిస్తూ, వాళ్ళ బ్యాలెట్లలో రెండో పేరు చూస్తారు. ఆ ఎన్నికలో ఆలపాటి రాజేంద్రప్రసాద్ మొదటి ప్రాధాన్య ఓట్లతోనే గెలిచారు. అంతకుముందు 2023లో పశ్చిమ రాయలసీమ పట్టభద్రుల సీటులో మొదటి లెక్కలో వెనకబడ్డ భూమిరెడ్డి రాంగోపాల్ రెడ్డి రెండో ప్రాధాన్య ఓట్లతో ముందుకొచ్చి గెలిచారు.

ఆ బ్యాలెట్ మీద "వేస్ట్ ఓటు" అన్న మాటకి అర్థం లేదు. నీకు నచ్చిన చిన్న అభ్యర్థికి 1 ఇవ్వు. గెలిచే అవకాశం ఉన్నవాళ్ళలో నయం అనుకున్నవాళ్ళకి 2 ఇవ్వు. మొదటివాడు తప్పుకుంటే నీ ఓటు రెండోవాడి దగ్గరికి నడిచి వెళ్తుంది.

అయితే నవ్వొచ్చే సంగతి ఒకటుంది. డిగ్రీలు చదివినవాళ్ళ ఎన్నికలోనే వేల సంఖ్యలో చెల్లని ఓట్లు పడుతుంటాయి. అంకె వెయ్యమంటే టిక్కు పెడతారు కొందరు, సంతకం పెడతారు ఇంకొందరు. పద్ధతి మారితే నేర్పించడం కూడా ఆ మార్పులో భాగమే.

అంబేడ్కర్ వద్దన్నారు. ఎందుకు?

రాజ్యాంగ సభలో ఈ చర్చ జరిగింది. 1949 జనవరిలో దామాషా పద్ధతి పెట్టాలని సవరణ వస్తే అంబేడ్కర్ ఒప్పుకోలేదు. ఆయన చెప్పిన కారణాలు రెండు. ఈ పద్ధతికి చదువు బాగా ఉన్న జనం కావాలి, మన దగ్గర అది లేదు. రెండోది, సభ ముక్కలు ముక్కలైతే స్థిరమైన ప్రభుత్వం ఉండదు.

మొదటి కారణం ఆనాటికి సరిగ్గా సరిపోయింది. 1951 లెక్కల్లో దేశంలో చదవడం, రాయడం వచ్చినవాళ్ళు 18 శాతం. ఈరోజు బందరు చేపల మార్కెట్లో కూడా క్యూఆర్ కోడ్ స్కాన్ చేసి డబ్బులు పంపిస్తున్నాం. మూడు అంకెలు రాయడం మనవల్ల కాదంటే నమ్మడం కష్టం.

రెండో కారణం ఇప్పటికీ బలంగానే ఉంది. పక్కనే నేపాల్ చూడండి. అక్కడ 275 మంది సభలో 165 మందిని మనలాగే ఎన్నుకుంటారు, 110 మంది దామాషా లెక్కన వస్తారు. దానివల్ల సభలో మూడో వంతు మహిళలు ఉండేలా చూసుకోగలిగారు, అది మనం ఇంకా చేయలేని పని. కానీ 2008 తర్వాత అక్కడ ఏ ప్రధానీ ఐదేళ్ళు నిండా పూర్తి చేయలేదు. ప్రభుత్వం నిలబడటం ముఖ్యం అనుకునే వాళ్ళ భయం ఉత్తదేం కాదు.

ఇంకో భయం మన డెల్టాది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన వచ్చి వేలమంది పోయిన చోటు ఇది. తుపాను హెచ్చరిక రాగానే ఎవరికి ఫోన్ చెయ్యాలో మనకి తెలియాలి. పులిగడ్డ అక్విడెక్టు దాటి శివారు చేలకి నీళ్ళు రాకపోతే ఎవరి ఇంటి ముందు కూర్చోవాలో తెలియాలి. "మన ఎమ్మెల్యే" అనే మనిషి పోయి, పార్టీ ఆఫీసులో తయారైన లిస్టు వస్తే ఎలా? ఆ లిస్టులో మొదటి పది పేర్లు ఎవరివి ఉంటాయో మనకి తెలీదా? అధినేత కొడుకులు, అల్లుళ్ళు, డబ్బున్నవాళ్ళు. ఈ అభ్యంతరాన్ని తేలిగ్గా తీసుకోకూడదు. దామాషా గురించి మాట్లాడేవాళ్ళు దీనికి జవాబు చెప్పాలి.

జవాబులు ఉన్నాయి, ధర కూడా ఉంది

ఒక జవాబు న్యూజిలాండ్ చెప్పింది. అక్కడ 1978లోనూ, 1981లోనూ తక్కువ ఓట్లొచ్చిన పార్టీయే ఎక్కువ సీట్లతో అధికారంలోకి వచ్చింది. 1981లో మూడో పార్టీకి 20 శాతం పైగా ఓట్లొస్తే సీట్లు రెండు. జనానికి విసుగొచ్చింది. 1993లో రెఫరెండం పెడితే మార్పుకే ఓటేశారు. 1996 నుంచి ఒక్కొక్కరికీ రెండు ఓట్లు. ఒకటి మన ఊరి మనిషికి, ఒకటి పార్టీకి. ఊరి సీట్లు అలాగే ఉంటాయి, పార్టీ ఓట్లకి తగ్గట్టు మిగతా సీట్లు లిస్టు నుంచి నింపుతారు. 2011లో మళ్ళీ అడిగితే ఇదే ఉంచమన్నారు.

మన దగ్గరా ఇలాంటి మాట ఎప్పుడో వచ్చింది. 1999లో లా కమిషన్ తన 170వ నివేదికలో లోక్‌సభకి అదనంగా 138 సీట్లు పెంచి వాటిని పార్టీల ఓట్ల శాతం ప్రకారం లిస్టు నుంచి నింపాలని సిఫారసు చేసింది. ఆ కమిషన్ చైర్మన్ మన తెలుగువారే, జస్టిస్ బీపీ జీవన్‌రెడ్డి. లోక్‌సత్తా జయప్రకాశ్ నారాయణ్ ఏళ్ళ తరబడి దామాషా గురించి చెబుతూనే ఉన్నారు. 2009లో ఆయన పార్టీకి దక్కింది ఒక్క కూకట్‌పల్లి, అది ఆయన సీటే. అదే ఎన్నికల్లో ప్రజారాజ్యానికి 16 శాతం పైగా ఓట్లొస్తే 294లో 18 సీట్లు దక్కాయి. 2011లో ఆ పార్టీ కాంగ్రెస్‌లో కలిసింది.

ఇంకో జవాబు ఐర్లాండ్‌ది. అక్కడ లిస్టే లేదు. నియోజకవర్గాన్ని కాస్త పెద్దది చేసి మూడు నుంచి ఐదుగురిని ఎన్నుకుంటారు, 1, 2, 3 అని వరస రాసి. మన ఎమ్మెల్సీ బ్యాలెట్‌కి అన్న లాంటిది.

దీన్ని మన దగ్గర ఊహించుకుందాం. ఏడు నియోజకవర్గాలకి బదులు బందరు పార్లమెంటు పరిధి అంతా ఒకే నియోజకవర్గం, ఏడుగురు ఎమ్మెల్యేలు. గెలవాలంటే ఎనిమిదో వంతు ఓట్లు దాటాలి, అంటే వందకి పన్నెండున్నర. 39 శాతం ఉన్న పార్టీకి మూడు సీట్లు ఖాయం. 50 శాతం దాటిన పక్షానికి నాలుగు. ఎనిమిదో వంతు తెచ్చుకోగల మూడో పార్టీకో, ఇండిపెండెంట్‌కో ఒక కుర్చీ. పామర్రు ఇప్పుడు ఎస్సీ రిజర్వుడు సీటు, ఆ ఒక్క స్థానం ఏడింటిలో ఒకటిగా ఉంచొచ్చు. ఒక నియోజకవర్గానికి ఒకరి కంటే ఎక్కువమంది సభ్యులు అనేది మనకి కొత్త కూడా కాదు. 1955లో ఆంధ్రలో 167 నియోజకవర్గాల నుంచి 196 మంది గెలిచారు, అందులో 29 ద్విసభ్య నియోజకవర్గాలు. 1961లో చట్టం చేసి వాటిని తీసేశారు.

ఇలా అయితే నాగాయలంక మనిషికి ఏడుగురు ఎమ్మెల్యేలుంటారు. అధికార పార్టీ ఎమ్మెల్యే గుమ్మం ఎక్కనివ్వకపోతే అవతలి పార్టీ ఎమ్మెల్యే దగ్గరికి వెళ్ళొచ్చు. "మీరు మాకు ఓటెయ్యలేదు కదా, పెన్షన్ మమ్మల్నెందుకు అడుగుతున్నారు" అనే మాట వినాల్సిన అవసరం తగ్గుతుంది.

ధర ఏంటంటారా? అభ్యర్థులు నలభై, యాభై మంది ఉంటారు. గన్నవరం నుంచి హంసలదీవి దాకా ప్రచారం అంటే ఖర్చు పెరుగుతుంది. ఒకే పార్టీ వాళ్ళు ఒకరి ఓట్లు ఒకరు లాక్కుంటారు, ఐర్లాండ్‌లో ఇది మామూలే. కౌంటింగ్ మధ్యాహ్నానికి అయిపోదు, రోజులు పట్టొచ్చు. సీట్ల సంఖ్య తగ్గిస్తే మళ్ళీ చిన్నవాళ్ళకి తలుపు మూసుకుపోతుంది కూడా. 2024 ఫిబ్రవరిలో మూడు రాజ్యసభ సీట్లకి నాలుగో వంతు, అంటే 44 ఓట్లు కావాల్సి వచ్చింది. 23 సీట్ల తెలుగుదేశానికి ఒక్కటీ రాలేదు. పద్ధతి పేరు దామాషా అయితే సరిపోదు, ఎన్ని సీట్లకి అన్నది కూడా చూడాలి.

గెలిచినప్పుడు ఎందుకు గుర్తురాదు?

అసలు చిక్కు ఇక్కడుంది. ఎన్నికల పద్ధతి బాగోలేదు అనే మాట మన దగ్గర ఆటుపోట్ల లాంటిది. ఈసారి అటు నుంచి వస్తుంది, వచ్చేసారి ఇటు నుంచి వస్తుంది. ఎప్పుడూ ఓడిన ఒడ్డు నుంచే.

2019లో 23 మంది ఉన్న ప్రతిపక్షాన్ని చూసి, ఐదుగురిని లాగితే వాళ్ళకి ప్రతిపక్ష హోదా కూడా ఉండదని అప్పటి ముఖ్యమంత్రి జగన్ సభలోనే అన్నారు. ఆ లెక్క పదో వంతుది, 175లో 18. 2024లో 11 మందితో అదే హోదా కోసం ఆయనే స్పీకర్‌కి లేఖ రాశారు, హైకోర్టుకి వెళ్ళారు. అప్పుడు బాధపడ్డవాళ్ళు ఇప్పుడు నిబంధనలు చదివి వినిపిస్తున్నారు. ఇద్దరూ కూడా ఓటమిలో ఈవీఎంని అనుమానించారు. లెక్క తేడా తెచ్చిన మిషన్ మాత్రం ఈవీఎం కాదు, మన నియోజకవర్గాల పద్ధతి. అది ఎవరూ దాచలేదు కాబట్టి దాని మీద ఎవరికీ అనుమానం రాలేదు.

ఇది మన ఒక్కరి జబ్బే కాదు. కెనడాలో 2015 ఎన్నికల ముందు ఈ పాత పద్ధతిలో జరిగే చివరి ఎన్నిక ఇదేనని ట్రూడో మాటిచ్చారు. ఆ పాత పద్ధతిలోనే మంచి మెజారిటీతో గెలిచారు. 2017లో ఆ మాట వదిలేశారు. బ్రిటన్‌లో 2024లో లేబర్ పార్టీ 34 శాతం లోపు ఓట్లతో 650లో 400 పైగా సీట్లు గెలిచింది. అలాంటివాళ్ళు నిచ్చెనని తామే ఎందుకు తీసేస్తారు?

కానీ రూల్స్ అస్సలు మారవని అనుకోకండి. గుడివాడ వాళ్ళకే ఒక ఉదాహరణ తెలుసు. 1985లో ఎన్టీఆర్ గుడివాడ, హిందూపురం, నల్గొండ మూడు చోట్లా నిలబడి మూడూ గెలిచారు. హిందూపురం ఉంచుకున్నారు, గుడివాడకి మళ్ళీ ఎన్నిక వచ్చింది. అప్పట్లో ఎన్ని చోట్లయినా పోటీ చేయొచ్చు. 1996లో చట్టం మార్చి రెండుకి మించకూడదన్నారు. ఈరోజు మూడు చోట్ల పోటీ అంటే మనకే వింతగా అనిపిస్తుంది.

ఇప్పుడు సమయం కూడా దగ్గరపడుతోంది. విభజన చట్టంలో మన అసెంబ్లీ సీట్లు 175 నుంచి 225కి పెంచుతామన్న మాట ఉంది. జనగణన తర్వాత నియోజకవర్గాల గీతలు మళ్ళీ గీయాలి. మహిళలకి మూడో వంతు సీట్లని 2023లో చేసిన రాజ్యాంగ సవరణనీ ఆ గీతలకే ముడిపెట్టారు. మ్యాపు ఎలాగూ బల్ల మీదకి వస్తోంది. అప్పుడు "అవనిగడ్డలో ఏ మండలం కలుస్తుంది" అనే ప్రశ్నతో పాటు "ఒక్కో గీత లోపల ఎంతమంది ఉండాలి, ఎలా ఎన్నుకోవాలి" అని కూడా అడగొచ్చు. గీతలు గీసేశాక అడిగితే ఇంకో పాతికేళ్ళు ఆగాలి.

న్యాయంగా ఒక మాట. 2024 ఓట్లని అలాగే సీట్లుగా పంచినా ప్రభుత్వం మారేది కాదు. కూటమికి కలిపి 55 శాతం, అంటే 97 దాకా సీట్లు, 88 దాటినట్టే. జనసేనకి మాత్రం 21 బదులు 12 వచ్చేవి. వైసీపీకి 69. 2019లో అయితే వైసీపీకి 87, తెలుగుదేశానికి 68 లేదా 69, జనసేనకి 10 వచ్చేవి. రూలు మారితే జనం ఓటేసే తీరు కూడా మారుతుంది కాబట్టి ఇవి జోస్యాలు కాదు, లెక్క మాత్రమే. రెండుసార్లూ గెలిచినవాళ్ళే ముందుండేవాళ్ళు. కానీ అవతల డెబ్బై మంది కూర్చుని బడ్జెట్ మీద, బందరు పోర్టు మీద, శివారు నీళ్ళ మీద ప్రశ్నలు వేసేవాళ్ళు. 11 మంది రాని సభకీ, 69 మంది ఉన్న సభకీ తేడా ఓడిన పార్టీకి మాత్రమే కాదు. గెలిపించిన మనకీ ఉంది. మన ఎమ్మెల్యే పని చెయ్యకపోతే అడిగే మనిషి సభలో ఉండాలి కదా.

ఈ వారం మీ పని

ఒకటి. డిగ్రీ పూర్తయి మూడేళ్ళు దాటిందా? పట్టభద్రుల ఓటు వేరే, అసెంబ్లీ ఓటరు లిస్టులో పేరుంటే అది రాదు. ప్రతి ఎన్నికకీ కొత్తగా ఫారం 18 నింపి నమోదు చేసుకోవాలి. 1, 2, 3 రాసే బ్యాలెట్ ఒక్కసారి చేతిలో పట్టుకుంటే ఈ చర్చంతా పది నిమిషాల్లో అర్థమవుతుంది.

రెండు. మీ వాట్సాప్ గ్రూపులో ఈ ప్రశ్న పెట్టండి. "39 శాతానికి ఎన్ని సీట్లు రావాలి?" పార్టీ పేరు చెప్పకండి. ముందు అంకె చెప్పనివ్వండి. తర్వాత 2019, 2024 రెండూ చూపించండి. ఒకదానికి "అన్యాయం", ఇంకోదానికి "ప్రజాతీర్పు" అనేవాళ్ళు ఎంతమందో లెక్కపెట్టండి. రెండింటికీ ఒకే మాట చెప్పినవాళ్ళ పేర్లు గుర్తుపెట్టుకోండి. గెలిచిన ఏడాది కూడా ఈ సంగతి మాట్లాడగలిగేది వాళ్ళే.

మీ గ్రూపులో ఎంత తేలిందో రాయండి. వచ్చే వారం కలుద్దాం.